నలభై వేస్తే యాభై

ల్యాబులో ఆమెను ఎదురుగా ఉంటే మేడమ్ అనేవారు, గది దాటితే అనుమానం అనేవారు. "అనుమానం వస్తోంది, సీసాలు సర్దుకోండి" అని ఒకరికొకరు చెప్పుకోవడం ఆమె చెవిన చాలాసార్లే పడింది. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత అదీ అలవాటైపోయింది. అనుమానించడమే ఉద్యోగమైనప్పుడు ఆ పేరు పెట్టారని ఏడిస్తే ఎలా?

ఊళ్ళో బావుల నీళ్ళు, కుళాయి నీళ్ళు, కాలవ నీళ్ళు, ఫ్యాక్టరీలు బయటికి వదిలే నీళ్ళు సీసాల్లో ఆ ల్యాబుకు వచ్చేవి. వాటిలో ఏముందో, ఎంతుందో కొలిచి కాగితం మీద అంకె వేసి పంపడం ల్యాబు పని. ఆ అంకెను నమ్మొచ్చో లేదో చూడడం ఆమె పని. పొద్దున్నే రాగానే తూకం యంత్రం మీద బరువు తెలిసిన రాయి పెట్టి చూసేది. ఫ్రిజ్జు తలుపు తీసి లోపల చల్లదనం సరిగ్గా ఉందో లేదో చూసేది. ఏమీ కలవని శుద్ధమైన నీళ్ళను కూడా ఒక సీసాలో పోసి పరీక్షకు పెట్టించేది. ఏమీ లేనిచోట ఏదైనా కనిపించిందంటే తప్పు నీళ్ళది కాదు, చేతులదీ సామానుదీ అన్నమాట. ఒకే నీళ్ళను రెండుసార్లు కొలిపించేది. రెండు అంకెలూ పొసగకపోతే మూడోసారి. పనివాళ్ళు పళ్ళు నూరుకుంటూనే చేసేవారు.

ఈ గుణం ఆమెకు తండ్రి నుంచి వచ్చిందనుకోవాలి. ఆయన బజారులో తక్కెళ్ళు బాగుచేసేవాడు. ఆమె బడి నుంచి వచ్చి ఆ కొట్లోనే ఓ మూల కూర్చుని లెక్కలు చేసుకునేది. దుకాణదారు రాయిని ఆ దుకాణదారు తక్కెడలోనే తూచి "సరిపోయింది కదా" అనేవాళ్ళను చూస్తే ఆయనకు నవ్వొచ్చేది. దొంగ ఇంటికెళ్ళి దొంగ పెళ్ళాన్ని సాక్ష్యం అడిగినట్టుంది అనేవాడు. ఆమె కెమిస్ట్రీ చదివి ల్యాబులో చేరింది. కొన్నేళ్ళు అందరిలాగే పరీక్షలు చేసింది. నాణ్యత చూసే పెద్దాయన రిటైరైనప్పుడు ఆ కుర్చీ ఎవరూ అడగలేదు. నలుగురితో మంచిగా ఉండాలనుకునేవాళ్ళు అడిగే కుర్చీ కాదది. ఆమె అడిగింది.

ఆ కుర్చీతో పాటు ఒక రహస్యం కూడా చేతికొచ్చింది. అది ఆమెకూ మేనేజరుకూ తప్ప లోపల ఎవరికీ తెలియదు. నెలకో రెండు నెలలకో ఓసారి ఆమె గది తలుపు వేసుకుని, శుద్ధమైన నీళ్ళలో తను తూచిన మందును తూచినంత కలిపేది. మామూలు నీళ్ళ వేషం రావడానికి చిటికెడు సున్నం, కాసింత తినే ఉప్పు చేర్చేది. సీసాకు ఓ దొంగపేరు పెట్టేది. ఓసారి లాండ్రీ, ఓసారి కోళ్ళఫారం, ఓసారి ఐసు ఫ్యాక్టరీ. అది బయటి మనిషి ఎవరో తెచ్చినట్టుగా కౌంటర్లో చేరేది. పరీక్ష చేసేవాళ్ళకు అది పది సీసాల్లో ఒక సీసా. అందులో ఎంతుందో ఆమెకు ముందే తెలుసు. తమను చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేస్తారు. తెలియనప్పుడు ఎలా చేస్తారన్నదే కదా చూడాల్సింది.

ఆ సీసా మోసే బయటి మనిషి ఆమె భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎందుకని అడగడు, ఎవరికీ చెప్పడు. ఇన్ని మంచి గుణాలున్న మనిషికి ఒక్కటే లోపం, అబద్ధమాడడం చేతకాదు. ఇన్నాళ్ళూ దానితో అవసరం పడలేదు. కౌంటర్లో ఉన్న పాత గుమాస్తా తల ఎత్తకుండానే సీసా తీసుకుని రసీదు చింపి ఇచ్చేవాడు. రిపోర్టు స్వయంగా వచ్చి తీసుకుంటారు అని రాసుకునేవాడు.

ఆ నెల సీసాలో ఆమె నైట్రేటు కలిపింది. పొలాల్లో వేసే ఎరువుల నుంచీ మురుగు నుంచీ నేలలోకి దిగి బావుల్లో చేరే సరుకది. పెద్దవాళ్ళను అంతగా ఏమీ చేయదు గానీ పాలపిల్లలకు మంచిది కాదు, ఎక్కువైతే ఒళ్ళు నీలంగా మారుతుంది. లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. ఆమె సరిగ్గా నలభై వేసింది. గీతకు కాస్త ఇవతల ఉంటేనే కొలిచేవాడి పస తెలుస్తుంది. పేర్లన్నీ అయిపోయాయి కాబట్టి ఈసారి నివాసుల సంఘం అని రాసింది. ఏ వీధి అన్నది రాయలేదు.

కౌంటర్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి చురుకైనది. ఏ వీధి, ఇంటి నంబరెంత అని అడిగింది. లిఫ్టు మెకానిక్కు నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి తన సొంత ఇంటి నంబరు చెప్పి బయటపడ్డాడు. ఇంటికొచ్చి ఆ సంగతి భార్యకు చెప్పాలనుకున్నాడు. ఎక్కడో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందని ఫోనొచ్చి పరిగెత్తాడు. తర్వాత మరిచిపోయాడు.

ఓ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల రాశి కనిపించింది. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని గబగబా గుమ్మం దాటింది. లోపల మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. చేతిలో ల్యాబు రిపోర్టు. చుట్టూ వీధిలో వాళ్ళు. ఎదురుగా కింది వాటాలో ఉండే దర్జీ. గోడవారగా పై వాటా పిల్ల, ఒళ్ళో మూడోనెల పసిగుడ్డు.

మామగారు బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. అప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక, వీధికో సంఘం పెట్టాలని. రెండుసార్లు ఇల్లిల్లూ తిరిగారు. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చి, చూద్దాం లెండి అన్నారు. అటువంటి మనిషికి, నివాసుల సంఘం అని పేరు రాసి, కింద తన ఇంటి నంబరు రాసి ఉన్న కవరు పోస్టులో వచ్చింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. తన గోడు ఏ అధికారి చెవినో పడి, తనను అడక్కుండానే సంఘం పెట్టేశారనుకున్నారు. సంఘం అన్నాక కవరు విప్పాల్సింది ఆయన కాక ఇంకెవరు? విప్పి చూస్తే నీళ్ళు బాగాలేవని ఉంది.

"రా అమ్మా, సమయానికి వచ్చావు," అన్నారాయన. "మీ ల్యాబు కాగితమే. మన వీధి నీళ్ళలో నైట్రేటు యాభై ఉందట. నలభై అయిదు దాటకూడదట. నువ్వే చెప్పు వీళ్ళకి."

ఆమె కాగితం అందుకుంది. సీసా నంబరు చూసింది. అంకె చూసింది. తను వేసింది నలభై. ల్యాబు చెప్పింది యాభై. కింద సంతకం, ల్యాబులో గడియారమని పిలిచే స్నేహితురాలిది.

ఆమెకు ఒక్కసారిగా రెండు వైపులా నిప్పంటుకున్నట్టయింది. ఇది దొంగసీసా అని ఇక్కడ చెప్తే రేపటికల్లా ల్యాబులో తెలిసిపోతుంది. పదేళ్ళ ఏర్పాటు గంగలో కలిసిపోతుంది. చెప్పకపోతే వీధి వీధంతా బెదిరిపోతుంది. అంతకంటే లోపల ఇంకొకటి పొడుస్తోంది. నలభైని యాభై అన్నవాళ్ళు మిగతా సీసాల గురించి ఏమన్నారో?

"రిపోర్టులో ఏదో తేడా ఉన్నట్టుంది మామయ్యా. రేపు వెళ్ళి చూసి చెప్తాను," అంది.

తేడా ఏమిటని దర్జీ అడిగాడు. చూస్తే గానీ తెలియదంది ఆమె. పై వాటా పిల్ల మాత్రం ఏమీ అడగలేదు. పొద్దున బాబుకు పట్టిన పాలపొడి ఈ కుళాయి నీళ్ళతోనే కలిపానని అంది, ఎవరితోనో కానట్టు. భర్త వచ్చాక ఇంటి నంబరు సంగతి బయటపడింది. ఆయన తల గోక్కున్నాడు. తిట్టడానికి ఆమెకు ఓపిక లేకపోయింది.

మర్నాడు నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. గొడవలంటే భయం, అంతే. విషయం విని, ఆ రిపోర్టు గుమాస్తా పొరపాటున వెళ్ళిందని ఓ ఉత్తరం రాద్దామనీ, లోపల ఏం తేడా జరిగిందో తీరిగ్గా చూసుకుందామనీ అన్నాడు. తీరిక అన్న మాట ఆమెకు నచ్చలేదు. అయినా ముందు తప్పెక్కడుందో తేలాలి. నైట్రేటు గదిలోకి వెళ్ళింది.

ఆ గది గడియారానిది. ఆమె పేరెవరూ వాడేవారు కాదు. ఆమె రావడాన్నీ, టీకి లేవడాన్నీ చూసి టైము సరిచేసుకోవచ్చని ఆ పేరు పెట్టారు. అనుమానానికి ఆ ల్యాబులో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. ఒకరి పిల్లల జ్వరాలు ఒకరికి తెలుసు. మధ్యాహ్నం మిగతావాళ్ళు అనుమానాన్ని చూసి వేరే బల్ల వెతుక్కుంటే, గడియారం మాత్రం డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది. నీ దగ్గర దాచుకోవడానికి నాకేముందని నవ్వేది. అది గొప్ప కాదు, నిజమే. ఆమె పనిలో వంక దొరికిన రోజు లేదు.

గడియారం తన చెక్ సీసా లెక్కలు తీసి చూపించింది. రోజూ నీళ్ళ సీసాలతో పాటు, ఎంతుందో తెలిసిన ఓ చెక్ సీసాను కూడా కొలవాలని నియమం. అది ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇరవై రావాల్సిన చోట ఇరవై వస్తోంది. యంత్రం బాగుంది, చెయ్యి బాగుంది. మరి నీకు తేడా ఉందని ఎవరు చెప్పారని అడిగింది.

ఇక దాచి లాభం లేదు. సీసాలో నలభై వేసింది తనేనని ఆమె చెప్పేసింది.

గడియారం చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈ కుర్చీలోకి వచ్చినప్పటి నుంచి."

"నాతో కలిసి తింటూనే?"

"అందరికీ వేశాను. నిన్నొక్కదాన్నీ వదిలేస్తే అది స్నేహమవుతుందేమో గానీ ఉద్యోగం కాదు."

"సరే. నా తప్పు పట్టడానికి దొంగసీసా పంపావు. మరి ఈ చెక్ సీసా ఎవరు చేయమన్నారు, దేంతో చేయమన్నారు?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. యంత్రానికి అంకెలు నేర్పడానికి ఒక మూలద్రావణం ఉంటుంది. అందులో నైట్రేటు ఎంతుందో తెలిసి ఉండాలి, యంత్రం దానితో పోల్చే మిగతా నీళ్ళను కొలుస్తుంది. చెక్ సీసాను వేరే చోటి నుంచి కొనాలి. కానీ కిందటేడు సరుకు రావడం ఆలస్యమైతే, ప్రస్తుతానికి మన మూలద్రావణంలోంచే చెక్ సీసా కూడా కలుపుకోమని కాగితం మీద సంతకం పెట్టింది అనుమానమే. ప్రస్తుతం కాస్తా అలాగే కొనసాగింది. మూలద్రావణమే తప్పయితే దాన్నుంచి పుట్టిన చెక్ సీసా సరిపోయిందనే చెప్తుంది. దుకాణదారు రాయి, దుకాణదారు తక్కెడ. తక్కెళ్ళ కొట్లో కూర్చుని లెక్కలు చేసుకున్న పిల్లకు ఇది తట్టకపోవడమేమిటని ఆమె తనను తనే తిట్టుకుంది.

ఇద్దరూ పక్క ల్యాబు నుంచి సీలు విప్పని ద్రావణం ఒకటి తెప్పించారు. కొత్తదానితో యంత్రానికి అంకెలు నేర్పి, తమ పాత మూలద్రావణాన్ని కొలిచారు. వంద ఉండాల్సింది ఎనభై ఉంది.

"అయిదింట నాలుగు వంతులు," అంది గడియారం. ఆ అంకెను నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నట్టు రెండుమూడు సార్లు గొణుక్కుంది. తూకంలో పొరపాటైతే అంకె ఇంత గుండ్రంగా రాదు. తర్వాత లేచి, గాజు సామాను ఆరబెట్టే చెక్క స్టాండు దగ్గరికి వెళ్ళింది. పొడవు మెడ ఉన్న బుడ్లు వరసగా బోర్లించి ఉన్నాయి. రెండు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకటి రెండువందల మిల్లీలీటర్లది. ఇంకొకటి రెండువందల యాభైది. పక్కపక్కన పెడితే తేడా పోల్చుకోవచ్చు. విడిగా చేతిలోకి వస్తే, అలవాటుపడ్డ చేతికి రెండూ ఒకటే. మొన్న గదికి సున్నం వేయించినప్పుడు స్టాండులో బుడ్ల చోట్లు మారాయి. రెండువందల బుడ్డి ఉండే చోట రెండువందల యాభై వచ్చి కూర్చుంది. తూచిన మందు రెండువందల నీళ్ళలో కరగాల్సింది రెండువందల యాభైలో కరిగింది. ద్రావణం పల్చబడింది. పల్చటిదాన్ని చిక్కటిదని నమ్మిన యంత్రం, వచ్చిన ప్రతి నీళ్ళలోనూ నైట్రేటును నాలుగో వంతు ఎక్కువ చేసి చూపించింది.

"నేనే కలిపాను," అంది గడియారం. "చెయ్యి అలవాటు చొప్పున వెళ్ళింది. నేను బుడ్డి మీద అంకె చూడలేదు."

అలా తప్పెక్కడుందో తేలింది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ మూలద్రావణం కలిపినప్పటి నుంచి బయటికి వెళ్ళిన నైట్రేటు రిపోర్టులన్నీ తప్పే. వాటన్నిటినీ వెనక్కి రప్పించాలని ఆమె అంది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మాట కొట్టిపారేసేదేమీ కాదు. మనం ఎక్కువ చూపించాం గానీ తక్కువ చూపించలేదు కదా, మంచి నీళ్ళను చెడ్డవన్నాం గానీ చెడ్డనీళ్ళను మంచివనలేదు కదా, ఎవరికి హాని జరిగింది? ఇప్పుడు ఊరంతా చాటింపు వేస్తే, ఇకముందు మనం నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. ద్రావణం మారుద్దాం, చెక్ సీసా కొందాం, నోరు మూసుకుందాం. ఆయన చెప్పింది ఇది.

ఆమె పాత రిపోర్టులు తిరగేసింది. చాలావాటికి ఇబ్బంది లేదు. పది ఉన్నదాన్ని పన్నెండున్నర అన్నా ఎవరికీ పోయేదేం లేదు. గీత దాటించినవి ఏమైనా ఉన్నాయేమోనని వెతికితే ఒకటి దొరికింది. పనిచేసే ఆడవాళ్ళ హాస్టలు బావి. రిపోర్టులో నలభై ఏడున్నర. అసలు లెక్క ముప్ఫై ఎనిమిది. హాస్టలుకు ఫోన్ చేస్తే, రిపోర్టు వచ్చిన రోజే బావి మోటారుకు తాళం వేశామని వార్డెన్ చెప్పింది. ఆ మాట మేనేజరుకు చెప్పినా ఆయన ఊగిసలాడుతూనే ఉన్నాడు.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న గడియారం లోపలికి వచ్చింది. "ఆ కాగితం మీద సంతకం నాది సార్. వెనక్కి తీసుకుంటున్నానని కూడా నేనే సంతకం పెడతాను. మీరు వద్దంటే, వద్దన్నారని రాసివ్వండి," అంది.

రాసివ్వమంటే ఎవరిస్తారు? ఆయన ఓ నిట్టూర్పు విడిచి, కానివ్వండి అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె మామగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ముందు ఆ నీళ్ళు మన వీధివి కావని చెప్పింది. మరి ఏ వీధివని ఆయన అడిగారు.

"ఏ వీధివీ కావు మామయ్యా. నేనే కలిపాను."

"నువ్వు కలిపావా?" ఆయన కుర్చీని ఓ జానెడు వెనక్కి జరుపుకున్నారు. "ఎందులో?"

ఆమెకు అంత దిగులులోనూ నవ్వొచ్చింది. మొదటి నుంచీ విడమర్చి చెప్పింది. ఆయన డిపో మనిషి. చెకింగు ఇనస్పెక్టరు ప్యాసింజరులా బస్సెక్కి కూర్చోవడం ఆయన ఎరిగిన సంగతే. దొంగసీసా మర్మం చప్పున పట్టుకున్నారు. ఒక్కటే ఆయనకు మింగుడు పడలేదు. అయితే సంఘం కూడా లేదన్నమాట అన్నారు. లేదంది ఆమె. మనిషి నీరుగారిపోయారు. కాసేపు ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, అందులోనే రిపోర్టు మడిచి పెట్టారు.

తర్వాత ఆయనే లేచి చొక్కా వేసుకున్నారు. వీధివాళ్ళను తను పిలిచారు కాబట్టి తనే మళ్ళీ పిలవాలన్నారు. ఆ రాత్రి భోజనాల ముందు అందరూ కూడినప్పుడు ఆమె నిలబడి జరిగింది చెప్పింది. దర్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. కొందరికి కోపమొచ్చింది. నీళ్ళ డబ్బాలు కొన్నామని ఒకరు, పని మానుకుని నీళ్ళాఫీసుకు వెళ్ళొచ్చామని ఒకరు దెప్పారు. ఆమె అన్నీ పడింది. పై వాటా పిల్ల మాత్రం నవ్వలేదు, దెప్పలేదు.

"పిన్నిగారూ, నిన్న మీకు తెలుసు కదా ఇవి మన నీళ్ళు కావని?"

"తెలుసమ్మా."

"నాకొక్కదానికైనా చెప్పాల్సింది. నేను రాత్రంతా వీడి గోళ్ళు చూస్తూ కూర్చున్నాను, నీలంగా మారుతున్నాయేమోనని."

తప్పయిపోయిందని అంది. ఆ పిల్ల తలూపి పైకి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఆమె వీధి కుళాయి నీళ్ళను అసలు పేరుతో, అందరూ చూస్తుండగా పట్టి పరీక్ష చేయించింది. పదకొండు వచ్చింది. ఆ కాగితం చూశాక వీధివాళ్ళు డబ్బాలు కొనడం మానేశారు. పై వాటా పిల్ల మాత్రం బాబుకు పళ్ళొచ్చేదాకా డబ్బా నీళ్ళే కొంది. అనుమానం మెట్ల మీద ఆ డబ్బా ఎదురుపడ్డప్పుడల్లా పక్కకు తప్పుకుని దారిచ్చేది.

హాస్టలుకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. దారి పొడుగునా గడియారం కిటికీలోంచి బయటికే చూసింది. హాస్టలు మూడంతస్తులది. బావి మోటారు ఆపేశాక, తాగే నీళ్ళు వీధి చివరి కుళాయి నుంచి బిందెలతో, బకెట్లతో పైకి మోసుకుంటున్నారు. మెట్లు తడితడిగా ఉన్నాయి. వంటగదిలో ఓ పెద్దావిడ ఎడమచేతికి కట్టు కట్టుకుని, కుడిచేత్తో గిన్నెలు కడుగుతోంది. ఏమైందని అడిగితే, నీళ్ళు మోస్తూ మెట్ల మీద జారిపడిందని వార్డెన్ చెప్పింది. ఎవరికి హాని జరిగిందన్న మేనేజరు మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

గడియారం తనే ముందు నోరు విప్పింది. తన పొరపాటేమిటో సూటిగా చెప్పింది. మనిషిని పంపి బావి నీళ్ళు మళ్ళీ పట్టించి కొలిచామనీ, ముప్ఫై ఎనిమిది వచ్చిందనీ, తాగొచ్చనీ చెప్పి కొత్త కాగితం ఇచ్చింది. వార్డెన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"మొన్న బాగాలేవన్నారు. ఇవాళ బాగున్నాయంటున్నారు. నేను ఏది నమ్మేది?"

"మమ్మల్ని నమ్మొద్దు," అంది గడియారం. "ఇంకో ల్యాబుకు పంపండి. ఆ అంకె వచ్చేదాకా తాళం తీయకండి."

అనుమానం ఆ మాట విని ఉలిక్కిపడింది. తను అనాల్సిన మాట అది. వార్డెన్ అలాగే చేసింది. వేరే ల్యాబు ముప్ఫై తొమ్మిది అంది. అప్పుడు గానీ మోటారు తాళం తీయలేదు. వంటావిడ వైద్యానికి ల్యాబు తరఫున ఏదైనా ఇవ్వాలని ఆమె మేనేజరును అడిగింది. ఆయన ఈసారి రాతకోతలు లేకుండానే ఒప్పుకున్నాడు.

ల్యాబులో కొన్ని మార్పులొచ్చాయి. చెక్ సీసాను బయటి నుంచి కొనే తెప్పించాలని, సరుకు రాకపోతే పరీక్షే ఆపాలని ఆమె రాసి గోడకు అంటించింది. బుడ్లకు రంగు పట్టీలు వేయించింది. దొంగసీసాల సంగతి ఎలాగూ బయటపడింది కాబట్టి దాచలేదు. అవి వస్తాయి, ఎప్పుడొస్తాయో ఏ పేరుతో వస్తాయో మాత్రం చెప్పనంది. కొన్నాళ్ళు ల్యాబులో ప్రతి సీసానూ అందరూ పాముపిల్లను చూసినట్టు చూశారు. నిజం సీసాలనే దొంగవని పందేలు కాశారు. దానివల్ల పని కాస్త మెరుగుపడిందని ఆమె లెక్కలు చెప్పాయి. లెక్కలు చెప్పాయి గానీ ఆమె ఎవరితోనూ అనలేదు.

గడియారం చాలాకాలం ఎదురుబల్లకు రాలేదు. కోపంతో కాదు, ఆమె గదిలోనే తినేది. అనుమానం వెళ్ళి పిలవలేదు. పిలిస్తే వచ్చేదేమో కూడా, కానీ ఆ రావడం ఎటువంటిదో తెలిసేది కాదు. వానాకాలం మొదలయ్యాక ఓ మధ్యాహ్నం డబ్బా పట్టుకుని తనే వచ్చి కూర్చుంది. తన కూతురు కాలేజీ మారతానంటోందని, ఏం చేయాలో తోచడం లేదని, ఎక్కడో ఆపిన మాటను అందుకున్నట్టుగా చెప్పడం మొదలుపెట్టింది. సగం తిన్నాక, "ఈ వారం వేశావా నాకు?" అని అడిగింది.

"చెప్పను," అంది అనుమానం.

"చెప్పకు," అని గడియారం మళ్ళీ కూతురి సంగతిలోకి వెళ్ళిపోయింది.

మామగారి సంఘం మాత్రం నిజంగానే పుట్టింది. దొంగ సంఘం పేరుతో కూడిన జనం, ఎలాగూ కూడాం కదా అని వీధి దీపాల సంగతి మాట్లాడుకున్నారు. ఆయన్నే పెద్దగా ఉండమన్నారు. లిఫ్టు మెకానిక్కును సభ్యుడిగా చేర్చుకున్నారు గానీ, ఎవరేం అడిగినా జవాబు మాత్రం చెప్పొద్దన్నారు.

వానలు వెనకబట్టాక హాస్టలు వార్డెన్ ఓ రోజు ల్యాబు కౌంటరు దగ్గర కనిపించింది. వానకు బావిలో కొత్త నీరు చేరింది, మళ్ళీ చూపించుకుందామని వచ్చానంది. సంచిలోంచి రెండు సీసాలు తీసి, ఒకటి కౌంటరు మీద పెట్టి, రెండోది మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఇది మీకు, అది ఆ ఇంకో ల్యాబు వాళ్ళకి అని మొహమాటం లేకుండా చెప్పింది. కౌంటర్లో అమ్మాయి బిత్తరపోయి అనుమానం వైపు చూసింది. తీసుకో, రసీదు రాయి అంది ఆమె. వంటావిడ చెయ్యి ఎలా ఉందని అడిగింది. అతుక్కుంది గానీ బరువెత్తితే నొప్పి పెడుతోందట అని చెప్పి వార్డెన్ గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. ఆ సీసాను ఆమె తనే లోపలికి తీసుకెళ్ళి గడియారం చేతికిచ్చింది.